ఆఫీసు డిన్నర్ ఎక్కడ పెట్టాలి: బిర్యానీ హోటలా, ప్యూర్ వెజ్జా, బఫేనా?

‘వెజ్ ఎంతమంది, నాన్‌వెజ్ ఎంతమంది?’ ఆఫీసులో డిన్నర్ అనుకోగానే వాట్సాప్ గ్రూపులో పడే మొదటి ప్రశ్న ఇదే. హైదరాబాద్‌లో మా టీమ్‌కి సంబంధించి ఈ పని చాలా ఏళ్లుగా నా నెత్తిన ఉంది. హోటల్ వెతకడం, టేబుల్ బుక్ చేయడం, బిల్లు పంచడం, ఆ తర్వాత వారం రోజులు సణుగుడు వినడం, అన్నీ నావే. ఆ అనుభవంతో చెప్తున్నాను. ఆ ప్రశ్నతో మొదలుపెడితే డిన్నర్ సగం పాడైనట్టే.

మా పన్నెండు మందినే చూడండి. ఇద్దరు ముస్లింలకి మాంసం హలాల్ అయితేనే కుదురుతుంది. ఒక సిక్కు సహోద్యోగికి ఆ హలాల్ మాంసమే నిషిద్ధం. జైన్ అమ్మాయి ఒకరున్నారు. ఆమె ఉల్లి, వెల్లుల్లి, ఆలుగడ్డ, క్యారెట్ లాంటి దుంపలేవీ తినరు, పొద్దు గుంకాక అసలేమీ తినరు. గుంటూరు కుర్రాడు మామూలు రోజుల్లో అన్నీ లాగిస్తాడు కానీ ఈస్టర్‌కి ముందు శ్రమకాలం నలభై రోజులూ మాంసం జోలికి పోడు. ఇంకొకాయన అడ్వెంటిస్టు అనే క్రైస్తవ శాఖకి చెందినవారు. పంది మాంసం, మందు ముట్టరు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం దాకా ఆయనకి విశ్రాంతి దినం కాబట్టి హోటల్‌కి రారు. ఇక మిగతావాళ్లలో ఒకరికి శనివారం, ఒకరికి సోమ, గురువారాలు నాన్‌వెజ్ కుదరదు. ఒకరు గుడ్డు వాసన కూడా భరించలేరు. కార్తీకం వచ్చిందంటే సగం మంది మానేస్తారు. ఇంతమందిని వెజ్, నాన్‌వెజ్ అని రెండు డబ్బాల్లో ఎలా వేస్తాం?

అందుకే నేను వేరే కొలత పెట్టుకున్నాను. అందరికంటే తక్కువ రకాలు తినగలిగే మనిషి ఎవరో ముందు చూస్తాను. ఆ మనిషికి ఈ హోటల్లో కడుపు నిండా భోజనం దొరుకుతుందా? అన్నమో రొట్టో, దాంతో వేడివేడిగా ఒక పప్పు, ఒక కూర. అప్పడం, నిమ్మకాయ సోడా, కీరా ముక్కలు లెక్కలోకి రావు. బిల్లులో అందరితో సమానంగా వాటా వేసి, ఒకరికి మాత్రం కీరా ముక్కలు పెట్టిన పాపం నేను ఒకసారి మూటగట్టుకున్నాను. మళ్లీ వద్దు.

అడిగే పద్ధతి

పేరు చూసి ఊహించడం మానేయండి. మా ముస్లిం సహోద్యోగి కోసమని నేను వరుసగా మూడుసార్లు బిర్యానీ హోటల్ బుక్ చేశాను. నాలుగోసారి ఆయనే నవ్వుతూ, ‘భాయ్, ఇంట్లో ఎలాగూ అదే, ఈసారి దోసెలకి పోదామా?’ అన్నారు. అలాగే, ఇంట్లోవాళ్లకి తెలియకుండా చికెన్ తినేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. గ్రూపులో పోల్ పెడితే వాళ్లు ‘వెజ్’ అని నొక్కి, హోటల్లో పక్కవాడి ప్లేట్‌కేసి చూస్తూ కూర్చుంటారు.

కాబట్టి ఒక్కొక్కరికీ విడిగా చిన్న మెసేజ్ పెట్టండి: ‘మీరు తినని పదార్థాలు ఏమైనా ఉన్నాయా? ఆ రోజు ఉపవాసం గానీ, టైమ్ ఇబ్బంది గానీ ఉందా?’ అంతే. మతం మాట ఎత్తనక్కర్లేదు, ఎందుకు తినరని అడగనక్కర్లేదు. డాక్టర్ వద్దన్నా, దేవుడికి మొక్కుకున్నా, నచ్చకపోయినా వంటింటికి చేరాల్సిన సమాచారం ఒకటే.

ప్యూర్ వెజ్ హోటల్

కాగితం మీద లెక్క వేస్తే ఇదే గెలుస్తుంది. హలాలా కాదా అన్న ప్రశ్న లేదు. బీఫ్, పోర్క్, గుడ్డు గొడవ లేదు. సాధారణంగా మందు కూడా ఉండదు. శ్రమకాలంలో ఉన్నవాళ్లకీ, శనివారం చేసేవాళ్లకీ ఏ ఇబ్బందీ లేదు.

కానీ వెజ్ హోటళ్లన్నీ ఒకటి కావు. ఉడుపి రకం హోటల్లో సాంబారులో ఉల్లిపాయ, మసాలా దోసెలో ఆలుగడ్డ తప్పవు. నియమం గట్టిగా పాటించే జైనులు రాత్రంతా పులియబెట్టిన పిండి కూడా తినరు, అంటే ఇడ్లీ కూడా పోయింది. వాళ్లకి గుజరాతీ, రాజస్థానీ థాలీ హోటళ్లు నయం. ‘జైన్’ అంటే ఏమిటో అక్కడ వడ్డించేవాళ్లకి మనం చెప్పక్కర్లేదు. శొంఠి, పసుపు ఎండినవి కాబట్టి సరే, పచ్చి అల్లం కుదరదు అనే తేడా కూడా వాళ్లకి తెలుసు. మన ఆంధ్రా భోజన హోటల్లో ముద్దపప్పు, నెయ్యి, పులిహోర, దద్దోజనం ఉంటే అవి ఉల్లి, వెల్లుల్లి లేకుండానే చేస్తారు కాబట్టి సగం సమస్య తీరుతుంది. పప్పులో వెల్లుల్లి తాలింపు పెట్టారేమో మాత్రం అడగండి. ఆవకాయ విషయంలోనూ అంతే.

ఇందులో ఉన్న చిక్కు వేరే. ప్రతిసారీ వెజ్ హోటల్ అంటే మాంసం తినేవాళ్లకి ఒక మాట చెప్పినట్టవుతుంది: మీ తిండి నలుగురిలో పెట్టుకునేది కాదు అని. మన దగ్గర ఎవరి పక్కన ఎవరు కూర్చుని తినాలన్నది కులం తేల్చిన రోజులున్నాయి. సహపంక్తి భోజనాలను ఒక సంస్కరణలా నడపాల్సి వచ్చింది. ఆ చరిత్ర తెలిసినవాళ్లకి ‘ప్యూర్’ అన్న మాట చెవికి అంత కమ్మగా వినిపించదు. అందుకని మూడు డిన్నర్లలో ఒకటి వెజ్ హోటల్లో పెట్టండి. కొత్తవాళ్లు ఎక్కువగా చేరినప్పుడు, ఎవరి అలవాట్లేమిటో ఇంకా తెలియనప్పుడు పెట్టండి. దాన్నే రివాజు చేయకండి.

బిర్యానీ హోటల్, మండీ

హైదరాబాద్‌లో ఎవరికీ ఏమీ తోచనప్పుడు తేలే చోటు ఇది. పాత పేరున్న బిర్యానీ హోటళ్లలో మాంసం చాలావరకు హలాలే. అయినా అడిగి తెలుసుకోవడం మంచిది. మాల్స్‌లో ఉండే పెద్ద చెయిన్ల విషయంలో తప్పకుండా అడగాలి. పాతబస్తీ వైపు హోటళ్లకి వెళ్తే ఇంకో మాట తెలిసుండాలి. ‘ఛోటే కా’ అంటే మటన్, ‘బడే కా’ అంటే పెద్ద మాంసం, గేదె లాంటి పశువులది. కళ్యాణీ బిర్యానీ పెద్ద మాంసంతో చేసేది. బోర్డు చదివి, పేరు బాగుందని ఆర్డర్ ఇచ్చి తర్వాత తల పట్టుకున్నవాళ్లున్నారు. వడ్డించేవాళ్లని అడిగితే దాచకుండా చెప్తారు, మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

వెజ్ తినేవాళ్లకి ఇక్కడ ఎప్పుడూ ఒక అనుమానం ఉంటుంది: వెజ్ బిర్యానీ అంటే ముక్కలు తీసేసిన అదే అన్నమేమో అని. కొన్నిచోట్ల అది వట్టి అనుమానం కూడా కాదు. ‘వెజ్‌కి హండీ వేరేనా, గరిటె వేరేనా?’ అని ఫోన్లోనే అడగండి. జవాబు చెప్పడానికి తడుముకున్నారంటే ఆ హోటల్ వదిలేయండి.

మండీ అంటే మాంసంతో కలిపి వండే యెమెన్ అన్నం, దాని సంగతి ప్రత్యేకం. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఉండే బార్కాస్‌లో మొదలై ఇప్పుడు ఊరంతా పాకింది. బ్యారక్స్ అన్న మాటే బార్కాస్ అయింది. నేల మీద కూర్చుని, పెద్ద పళ్లెంలో అన్నం, పైన మాంసం, చుట్టూ కూర్చున్న నలుగురూ అందులోంచే తినాలి. వాళ్ల సంస్కృతిలో అది ఆప్యాయత. మనలో చాలామందికి అది ఎంగిలి. ఈ ఎంగిలి పట్టింపు మతాన్ని బట్టి కూడా ఉండదు. మా టీమ్‌లో అందరికంటే ఎక్కువగా ఇబ్బందిపడింది ఆ గుంటూరు కుర్రాడే. విడి ప్లేట్లు అడిగితే ఇస్తారు, అడగడం తప్పేమీ కాదు. వెజ్ తినేవాళ్లు ఇద్దరున్నా మండీ ఆలోచన మానుకోండి. అది మాంసం కోసమే పుట్టిన చోటు.

గ్రిల్ బఫే

తలకింత అని రేటు, టేబుల్ మధ్యలో నిప్పులు, చువ్వలకి గుచ్చిన ముక్కలు. ఆఫీసు బడ్జెట్‌కి లెక్క సులువు కాబట్టి హెచ్ఆర్ వాళ్లకి ఇది భలే ఇష్టం. ఎవరికి కావాల్సింది వాళ్లు వెళ్లి తెచ్చుకుంటారు, ఎవరేం తిన్నారో ఎవరూ పట్టించుకోరు. మొహమాటస్తులకి అది పెద్ద ఊరట.

అయితే టేబుల్ మీది గ్రిల్ ఒక్కటే. చికెన్ చువ్వ పక్కనే పనీర్ చువ్వ పెడతారు, నూనె అటూ ఇటూ చిందుతుంది. ఒక చివర వెజ్ తినేవాళ్లని కూర్చోబెట్టి, ఆ గ్రిల్ మీద వెజ్ మాత్రమే పెట్టమంటే పెడతారు. కౌంటర్ల దగ్గర గరిటెలు మారిపోవడం ఇంకో తలనొప్పి. పైగా కాస్త పెరుగన్నం తిని లేచే మనిషికీ, పదిహేను చువ్వలు ఊదేసే మనిషికీ ఒకటే రేటు. ఆఫీసు కడితే ఫరవాలేదు. సొంత జేబుల్లోంచి కట్టేటప్పుడు మాత్రం బఫే వద్దని నా సలహా.

రెండూ ఉండే ఫ్యామిలీ రెస్టారెంట్

నా ఓటు ఎక్కువగా దీనికే పడుతుంది. మెనూ పెద్దది, ఒక్కొక్కటి విడిగా చెప్పుకోవచ్చు, ఉల్లి లేకుండా చేయమంటే చేస్తారు. రెండు రోజుల ముందు మేనేజర్‌తో మాట్లాడి ఒక కాగితం మీద రాసివ్వండి. శనివారం రాత్రి తొమ్మిదింటికి హడావుడిగా ఉన్న వెయిటర్‌కి నోటితో చెప్పినవి వంటింటి దాకా వెళ్లవు.

మెనూలో ఆకుపచ్చ చుక్క ఉన్నా జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. థాయ్ కూరల ముద్దలో ఎండురొయ్యలో, చేపల సాసో కలుస్తాయి. చైనీస్‌లో ఆయిస్టర్ సాస్ ఉండొచ్చు. వెజ్ ఫ్రైడ్ రైస్‌ని అంతకుముందు చికెన్ వేయించిన మూకుడులోనే తిప్పొచ్చు. ఇటాలియన్ వంటల్లో కొన్ని సాస్‌లలో వైన్ పోస్తారు. అసలైన పార్మెజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు. కొన్నిచోట్ల నాన్ పిండిలో గుడ్డు కలుపుతారు. ఇవన్నీ చదివి టెన్షన్ పడకండి. పన్నెండు మందిలో వీటిని పట్టించుకునేవాళ్లు ఇద్దరుంటారు, వాళ్లకి ఈ సంగతులు మనకంటే బాగా తెలుసు. మనం చేయాల్సిందల్లా మెనూని రెండు రోజుల ముందే వాళ్లకి పంపడం.

హలాల్ కావాల్సినవాళ్లూ, హలాల్ వద్దనేవాళ్లూ ఒకే టేబుల్ మీద ఉంటే? మా దగ్గర చేప ఆ చిక్కు విప్పింది. చేపకి హలాల్ పద్ధతిలో కోయాలన్న నియమం లేదు, అందుకే మా సిక్కు సహోద్యోగికీ అభ్యంతరం లేదు. అపోలో ఫిష్ రెండు ప్లేట్లు చెప్తే క్షణాల్లో ఖాళీ. రొయ్యలు కూడా అంతే అనుకోకండి. 2018లో మన ఊళ్లోని జామియా నిజామియా రొయ్యలు తినకూడదని ఫత్వా ఇచ్చింది. దాన్ని ఒప్పుకోని ముస్లింలూ చాలామందే ఉన్నారు. మా ఇద్దరిలో ఒకరు తింటారు, ఒకరు తినరు. పేరు చూసి ఊహించొద్దని మొదట్లో అన్నది ఇందుకే.

ఆఫీసుకే తెప్పించుకోవడం గురించి పెద్దగా చెప్పను. నాలుగు హోటళ్ల నుంచి నాలుగు రకాలు తెప్పించుకోవచ్చు, నియమం ఉన్నవాళ్లు ఇంటి డబ్బా తెచ్చుకోవచ్చు, సమస్యలన్నీ తీరతాయి. కానీ కాన్ఫరెన్స్ రూములో ప్లాస్టిక్ డబ్బాలు ముందేసుకుని తింటే దాన్ని డిన్నర్ అనబుద్ధి కాదు.

ఏ రోజు, ఏ టైమ్

హోటల్ కంటే ఇదే ముఖ్యమని నాకు ఆలస్యంగా అర్థమైంది. రాత్రి ఎనిమిదిన్నరకి బుక్ చేసి, ‘జైన్ మెనూ కూడా ఉంది’ అని గొప్పగా చెప్పాను. ఆమె వచ్చి, మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుని, అందరితో కబుర్లు చెప్పి వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో డిసెంబర్‌లో ఆరు కాకముందే పొద్దుగుంకుతుంది, జూన్‌లో దాదాపు ఏడింటిదాకా వెలుగుంటుంది. జైనులు టీమ్‌లో ఉంటే చలికాలంలో డిన్నర్ ఆలోచన మానేసి లంచ్ పెట్టడమే సరి. లంచ్ పెడితే శుక్రవారం కాకుండా చూడండి. జుమా నమాజు సరిగ్గా ఆ వేళకే. తప్పదనుకుంటే రెండున్నరకి పెట్టండి. వారంలో నాకు అచ్చొచ్చింది బుధవారం. శివుడు, ఆంజనేయుడు, సాయిబాబా, వెంకన్న, అందరి వారాలూ తప్పించుకుంటే మిగిలేది దాదాపు అదే.

రంజాన్ నెలలో లంచ్ పెట్టకూడదు. డిన్నర్‌ని ఇఫ్తార్ వేళకి జరపాలి. 2026లో రంజాన్, క్రైస్తవుల శ్రమకాలం రెండూ ఫిబ్రవరిలో ఒకటిరెండు రోజుల తేడాతో మొదలయ్యాయి. నాకు అప్పుడు తల తిరిగిపోయింది. మార్చిలో సూర్యాస్తమయం ఆరుంబావు దాటాక. జైన్ అమ్మాయి అప్పటికల్లా తినడం ముగించాలి, ముస్లిం మిత్రులు అప్పుడే మొదలుపెట్టాలి. అయిదున్నరకి టేబుల్ తీసుకున్నాం. ఆమెకి ముందు వడ్డించమన్నాం. మిగతావాళ్లం టీ తాగుతూ కూర్చున్నాం. ఆమె చేయి కడుక్కుని వచ్చేసరికి వాళ్లిద్దరూ ఖర్జూరం చేతిలో పట్టుకుని ఫోన్లో టైమ్ చూసుకుంటున్నారు. ఖర్జూరం, నీళ్లు అయ్యాక నమాజుకి పదిహేను నిమిషాలు లేస్తారు. అందుకని అసలు వంటలు ఆ తర్వాతే తెమ్మని హోటల్‌కి ముందే చెప్పాలి. కూర చల్లారిపోతుందని గొణగాల్సిన పని ఉండదు. రాత్రి తరావీహ్ నమాజు కూడా ఉంటుంది కాబట్టి ఎనిమిదికల్లా లేచిపోయాం. మామూలుగా పదకొండు దాకా సాగదీసే మా మేనేజర్‌కి మొదటిసారి ఇంటికి పెందలాడే వెళ్లే భాగ్యం దక్కింది.

కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు నక్షత్రం చూశాకే తింటారు, ఆ రోజు వద్దు. అయ్యప్ప దీక్షలో ఉన్నవాళ్ల గురించి ఒక్క మాట. నలభై ఒక్క రోజులు వాళ్లలో చాలామంది బయటి హోటళ్లలో తినరు. ‘స్వామీ, ఇది వెజ్జే కదా’ అని బతిమాలకండి. వీలైతే డిన్నర్‌ని దీక్ష అయ్యాకకి జరపండి. కుదరకపోతే రమ్మని పిలిచి, కొబ్బరిబోండాం, పళ్లు తెప్పించండి. రావాలా వద్దా అన్నది వాళ్లిష్టం.

మందు, గరిటెలు, కుర్చీలు

మందు ఉండే చోటైతే ముందే చెప్పాలి. తాగకపోవడం వేరు, మందు ఉన్న టేబుల్ దగ్గర కూర్చోకపోవడం వేరు. కొందరు ముస్లింలు, పెంతెకొస్తు క్రైస్తవులు, మతంతో సంబంధం లేకుండా ఇంకొందరు ఆ టేబుల్ దగ్గర కూర్చోరు. నేను చేసేదేమిటంటే, డిన్నర్‌లో మందు పెట్టను. కావాల్సినవాళ్లు తర్వాత వేరే చోటికి వెళ్తారు, వాళ్ల బిల్లు వాళ్లది. దీని మీద నన్ను తిట్టుకునేవాళ్లు ఉన్నారని తెలుసు.

వెజ్ వంటకాలు టేబుల్ మీదికి ముందు రావాలి, వాటి గరిటె వేరే వాటిలో పడకూడదు. ఈ ఒక్కటి చూసుకుంటే సగం గొడవలు రావు. అలాగని వెజ్ వాళ్లకి వేరే టేబుల్ వేయకండి. అది మళ్లీ పంక్తి భేదంలోకే దారి తీస్తుంది. ఒకే పొడవాటి టేబుల్, ఒక చివర వెజ్ గిన్నెలు, మధ్యలో రెండూ తినేవాళ్లు. కూర్చునేటప్పుడు ఎవరిష్టం వాళ్లది.

అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లకి కొలత అదే, ఉచ్చులు వేరు. అక్కడ కొన్నిచోట్ల ‘వెజిటేరియన్’ సూప్‌ని చికెన్ ఉడికించిన నీళ్లతో కాస్తారు. మెక్సికన్ హోటల్లో బీన్స్ ముద్దలో పంది కొవ్వు కలిపే అలవాటుంది. యూదు సహోద్యోగి కోషర్ అనే తమ తిండి నియమాలు గట్టిగా పాటిస్తుంటే మాంసం, పాలు కలవకపోవడమే కాదు, వండిన గిన్నెల దాకా లెక్క ఉంటుంది. అప్పుడు హోటల్ ఎంపిక వాళ్లకే వదిలేయడం మంచిది.

చివర్లో కేక్ తెప్పిస్తే ఎగ్‌లెస్ చెప్పండి. మన దేశంలో ప్యాకెట్ మీద గుడ్డు ఉన్న పదార్థానికీ నాన్‌వెజ్ గుర్తే వేస్తారు, కాబట్టి ఐస్‌క్రీమ్ డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూస్తే చాలు. పుడ్డింగ్, జెల్లీల్లో జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్, టిరమిసులో మందు ఉండొచ్చు. ఇవేవీ వద్దనుకుంటే ఖుబానీ కా మీఠా ఉంది. ఎండు ఆప్రికాట్లు, చక్కెర, పైన కాస్త మీగడ. మా పన్నెండు మందిలో పొద్దుగుంకే లోపల దాన్ని వద్దన్నవాళ్లు ఇప్పటిదాకా లేరు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు రెండు ప్లేట్లు ఎక్కువే చెప్పండి.